కువైట్‌లో తొలి రంజాన్: కొత్తగా వచ్చినవాళ్లు ఆ నెల ఎలా గడపాలి

కడప, రాయచోటి, రాజంపేట వైపు నుంచి కువైట్ వచ్చేవాళ్లకి ఊళ్లో అందరూ అకామా (ఇక్కడ ఉండటానికిచ్చే అనుమతి) గురించి చెప్తారు, జీతం గురించి చెప్తారు, డబ్బు పంపే దారి చెప్తారు. రంజాన్ నెల గురించి మాత్రం ఎవరూ చెప్పరు. నాకూ చెప్పలేదు. 2016 మే ఆఖర్లో దిగాను. జూన్ 6న రోజాలు మొదలయ్యాయి. మూడో రోజు మిట్టమధ్యాహ్నం ఫర్వానియా బస్టాపులో నిలబడి సీసా ఎత్తాను. రెండు గుక్కలు తాగానో లేదో, పక్కనున్న ఈజిప్టు పెద్దాయన నా మోచేయి పట్టి కిందికి లాగాడు. అరబ్బీలో ఏదో అన్నాడు. తిడుతున్నాడనే అనుకున్నా. రాత్రి రూములో కడప భాయ్‌కి చెబితే నవ్వి, "తిట్టలేదప్పా, నిన్ను పోలీసుల నుంచి కాపాడినాడు" అన్నాడు.

అప్పటి నుంచి ఇక్కడ చాలా రంజాన్‌లు చూశాను. కొన్నేళ్లు కంపెనీలో, ఆ తర్వాత ఒక కువైటీ ఇంట్లో డ్రైవరుగా. నేను ముస్లింని కాను. అయినా ఈ నెల కోసం ఎదురుచూస్తాను. కొత్తగా వచ్చినవాళ్లు ఎలా నడుచుకోవాలో, తెలిసినంత వరకు వరసగా చెప్తాను.

తేదీని నమ్ముకోకండి, నెలవంకను చూడనివ్వండి

రంజాన్‌కి ముందొచ్చే షాబాన్ నెల 29వ రోజు సాయంత్రం నెలవంక కనిపిస్తే మర్నాడే రోజా. కనిపించకపోతే ఇంకో రోజు ఆగాలి. క్యాలెండర్‌లో ముందే ఒక తేదీ వేసి ఉంటుంది గానీ ఖాయమయ్యేది ఆ రాత్రే. చాలాసార్లు ఇక్కడికీ మన దేశానికీ ఒక రోజు తేడా వస్తుంది. 2025లో కువైట్‌లో మార్చి 1న మొదలైతే మన దగ్గర మార్చి 2న మొదలైంది. పండుగా అంతే, ఇక్కడ మార్చి 30, అక్కడ 31. ఇంటికి ఫోన్ చేసి "ఈద్ ముబారక్" అంటే అవతలివాళ్లు "మాకింకా ఒక్కపొద్దే" అనడం మామూలే. పండక్కి ఊరికి పోదామని టికెట్ తీసేవాళ్లు ఈ ఒక్క రోజు తేడా లెక్కలో పెట్టుకోండి.

చాంద్రమాన సంవత్సరం కాబట్టి ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. నేను వచ్చిన ఏడు నడి వేసవిలో పడింది, పదిహేను గంటలు దాటిన ఉపవాసం. ఇప్పుడది చలికాలం వైపు జరిగింది, పదమూడు గంటలకు అటూఇటూ. 2030లో అయితే జనవరిలో ఒకసారి, డిసెంబరులో ఇంకోసారి, ఒకే ఏడాదిలో రెండు రంజాన్‌లు వస్తాయి.

మొదలయ్యే ముందు రోజును కువైటీలు గ్రైష్ అంటారు. ఇంట్లో ఉన్న తిండంతా బయట పెట్టి, బంధువులంతా కలిసి పగలే తినేసే రోజది. ఆ రోజు మీ ఇంటివాళ్లు అంత హడావిడి ఎందుకు పడుతున్నారా అని తికమక పడకండి.

ఆఫీసు పనులన్నీ ముందే తెముల్చుకోండి

అకామా రెన్యువల్, బతాకా (గుర్తింపు కార్డు), బ్యాంకు పని, ఏదున్నా రంజాన్‌కి వారం ముందే చేసుకోండి. నెల మొదలయ్యాక ఆఫీసులు తెరిచేది తక్కువ గంటలు, జనం ఎక్కువ. మధ్యాహ్నం బజారు నిద్రపోతుంది. రాత్రి తొమ్మిదికి లేస్తుంది, అర్ధరాత్రి దాటినా మూతపడదు. కూరగాయలు కొనాలన్నా, చెప్పులు కొనాలన్నా రాత్రే. మొదటి వారం ఒళ్లు ఒప్పుకోదు, తర్వాత అదే అలవాటవుతుంది.

పని గంటల సంగతి. ప్రైవేటు కంపెనీల్లో పనిచేసేవాళ్లకి 2010 నాటి 6వ నంబరు కార్మిక చట్టం ఉంది. మామూలు రోజుల్లో వారానికి 48 గంటలు, రంజాన్‌లో 36. అంతకు మించి చేయిస్తే అది ఓవర్‌టైమ్, గంట జీతం మీద 25 శాతం ఎక్కువ ఇవ్వాలి. నా మొదటి కంపెనీలో ఫోర్‌మన్ "నువ్వు రోజా ఉండవు కదా, నీకెందుకు తగ్గింపు" అన్నాడు. నాకు చట్టం తెలీదు, నోరు మూసుకుని చేశాను. మీరు అలా చేయకండి. ఏ రోజు ఎన్నింటికి డ్యూటీ ఎక్కారు, ఎన్నింటికి దిగారు అని ఫోన్‌లోనో చిన్న పుస్తకంలోనో రాసి పెట్టుకోండి. రేపు మాట వస్తే ఆ పుస్తకమే మీ తరఫున మాట్లాడుతుంది.

ఇంటి పనివాళ్లకి, ఇంటి డ్రైవర్లకి ఈ 36 గంటల చట్టం వర్తించదు. వాళ్లది వేరే చట్టం, దాని గురించి కిందికి వస్తాను.

పగటిపూట నోరు జాగ్రత్త

1968 నాటి 44వ నంబరు చట్టం ప్రకారం, రంజాన్‌లో పగలు బహిరంగంగా తింటే, తాగితే 100 దినార్ల దాకా జరిమానా గానీ, నెల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. మీ మతం ఏదైనా అంతే. నీళ్లు, సిగరెట్టు, చూయింగ్ గమ్ కూడా తప్పే. కారు అద్దాలు ఎత్తుకుంటే చాలనుకునేవాళ్లున్నారు. రోడ్డు మీద కారు అంటే రోడ్డే.

ఎక్కడ తినాలి మరి? రూములో తినండి. కంపెనీలో అయితే మొదటి రోజే సూపర్‌వైజర్‌ని అడగండి, తలుపు వేసుకునే గది ఒకటి చూపిస్తారు. పగలు హోటళ్లు మూసే ఉంటాయి కాబట్టి పొద్దున్నే టిఫిన్ బాక్సు కట్టుకోవాల్సిందే. ఎండలో పనిచేసేవాళ్లు సిగ్గుపడో భయపడో నీళ్లు మానేయకండి. గంటకోసారి లోపలికి వెళ్లి తాగి రండి. రంజాన్ వేసవిలో పడినా పడకపోయినా, జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పొద్దున 11 నుంచి సాయంత్రం 4 వరకు ఎండలో పని చేయించడం ఇక్కడ నిషేధం.

ఇంకొకటి చట్టంలో ఉండదు, రూములో ఉంటుంది. ఆరుగురున్న రూములో నలుగురు ఉపవాసం. సాయంత్రం నాలుగింటికి మీరు చేపల పులుసు తాళింపు పెట్టారనుకోండి. ఎవరూ ఏమీ అనరు, అదే బాధ. నేనొకసారి ఆ పని చేశాను. కడప భాయ్ ముసుగుతన్ని పడుకుని, దుప్పటి లోపల్నుంచే "ఉప్పు సరిపోయిందా?" అన్నాడు. మర్నాటి నుంచి నా వంట వాళ్ల సహరి (తెల్లవారక ముందు తినే భోజనం) వంటతోనే అయిపోయేది.

ఒక్క రోజైనా ఒక్కపొద్దు ఉండాలనిపిస్తే

బలవంతం ఏమీ లేదు. మీరు ఉండాలని ఎవరూ ఎదురుచూడరు కూడా. కానీ ఒక రోజు ఉండి చూస్తే సాయంత్రం రుచి వేరేగా ఉంటుంది. శుక్రవారం లాంటి సెలవు రోజు ఎంచుకోండి.

సహరికి ఫజర్ (తెల్లవారుజాము నమాజు) అజాన్‌కి గంట ముందు లేవాలి. మొదటిసారి నేను వీరుడిలా ఎర్ర కారం, గోంగూర పచ్చడి కలుపుకుని అన్నం తిన్నాను. పదింటికే నాలుక అట్టయింది. ఉప్పు, కారం, ఊరగాయ ఆ పూటకి పక్కన పెట్టండి. రాగి సంగటి, పెరుగు, ఒక అరటిపండు, రెండు ఖర్జూరాలు చాలు. రాగి పిండి ఇక్కడి ఇండియన్ కొట్లలో దొరుకుతుంది. నీళ్లన్నీ చివరి ఐదు నిమిషాల్లో కడుపులో పోసుకుంటే లాభం లేదు, ముందు రోజు సాయంత్రం ఉపవాసం విడిచే ఇఫ్తార్ నుంచే కొంచెం కొంచెంగా తాగుతూ రావాలి. టీ, కాఫీ బాగా అలవాటున్నవాళ్లు వారం ముందునుంచే తగ్గించుకోండి, లేకపోతే మధ్యాహ్నానికి తలనొప్పి పట్టుకుంటుంది.

షుగర్, బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టర్‌ని అడగకుండా దిగొద్దు. మాత్ర వేళ మార్చడం మన సొంత నిర్ణయం కాదు. నిజానికి జబ్బుపడ్డవాళ్లకి, ప్రయాణంలో ఉన్నవాళ్లకి మతమే మినహాయింపు ఇచ్చింది, వాళ్లు తర్వాత తీర్చుకుంటారు. కళ్లు తిరిగితే అక్కడికక్కడే నీళ్లు తాగేయాలి. పట్టుదలకు పోయి పడిపోయినవాణ్ని సైటు మీద నుంచి మోసుకెళ్లడం నేను చూశాను.

పొద్దు వాలే వేళ మసీదు చాప మీద కూర్చోండి

ఈ నెలలో మీరు ఒక్కటే చేయగలిగితే ఇది చేయండి. రూములో ఫోన్ చూసుకుంటూ కూర్చోకండి.

ఇక్కడ చాలా మసీదుల దగ్గర, గుడారాల్లో రోజూ ఇఫ్తార్ పెడతారు. అజాన్‌కి ఇరవై నిమిషాల ముందు వెళ్లండి. నిక్కరు వేసుకుని వెళ్లొద్దు, ప్యాంటు గానీ లుంగీ గానీ శుభ్రంగా ఉండాలి. చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని, వరసలో ఖాళీ ఉన్నచోట కూర్చోండి. పొడవాటి ప్లాస్టిక్ కాగితం పరిచి ఉంటుంది. మనిషికో ముంత లబన్ (మజ్జిగ), నీళ్ల సీసా, మూడు ఖర్జూరాలు, అరటిపండో కమలాపండో, వేడి బిర్యానీ పొట్లం. ఎదురుగా బంగ్లాదేశీ, పక్కన ఈజిప్టు మేస్త్రీ, అటు పక్క మన రాయచోటి కుర్రాడు. నేను కూర్చున్న ఏ చాప మీదా నీ మతమేంటని ఒక్కరూ అడగలేదు.

అజాన్‌కి ముందు రెండు నిమిషాలుంటాయి చూడండి. అంతవరకు మాట్లాడుకుంటున్నవాళ్లు ఆగిపోతారు. కొందరి పెదాలు దువాలో కదులుతుంటాయి. అందరి చేతిలో ఒక ఖర్జూరం. నోటికీ చేతికీ మధ్య జానెడు దూరం, ఎవరూ దాటరు. మైకు గరగరమంటుంది. "అల్లాహు అక్బర్" అనగానే వరస పొడుగునా లబన్ మూతలు చిటపట చినిగే చప్పుడు. పొట్లంలోని బిర్యానీ గురించి నాకేమీ గుర్తులేదు గానీ ఆ చప్పుడు మాత్రం ఏటా ఎదురుచూస్తాను.

తర్వాత వాళ్లు మగ్రిబ్ (సాయంత్రం) నమాజుకి లేస్తారు. మీరు లేవక్కర్లేదు, కూర్చోవచ్చు. ఖాళీ సీసాలు ఏరి కాగితం చుట్టడానికి ఒక చెయ్యి వేస్తే ఇంకా మంచిది. ఒక్క పొట్లమే తీసుకోండి. రూమ్మేట్ల పేరు చెప్పి నాలుగు సంచిలో వేసుకునేవాళ్ల వల్ల చివరి వరసలో ముసలాళ్లకి ఉండదు.

అజాన్‌కి ముందు అరగంట బండి మీద ఉండకుండా చూసుకోండి. కడుపు ఖాళీ, నిద్ర లేదు, ఇంటికి చేరాలనే ఆత్రం. డ్రైవరుగా చెప్తున్నాను, ఏడాది మొత్తంలో నాకు స్టీరింగ్ మీద భయం వేసే అరగంట అదే. తప్పకపోతే సీట్లో నాలుగు ఖర్జూరాలు, ఒక నీళ్ల సీసా పెట్టుకోండి. అజాన్ వినబడితే పక్కకు ఆపి తినండి.

ఒక సాయంత్రం కువైట్ సిటీలోని నాయిఫ్ ప్యాలెస్‌కి వెళ్లి రండి. రోజూ పొద్దు గూకగానే అక్కడ ఫిరంగి పేలుస్తారు, టీవీలోనూ చూపిస్తారు. పిల్లల్ని భుజాలకెత్తుకుని వచ్చే కుటుంబాలే ఎక్కువ. అక్కడి నుంచి ముబారకియా బజారు దగ్గరే. ఖర్జూరాలు, ఎండు పండ్లు అక్కడ బేరమాడి కొనొచ్చు.

పలకరింపు ఒకటి నేర్చుకోండి. "రంజాన్ ముబారక్" అంటే అందరికీ అర్థమవుతుంది. "ముబారక్ అలేకుం అష్షహర్" అంటే మాత్రం కువైటీ ముఖం విప్పారుతుంది. ఇది ఇక్కడివాళ్ల సొంత మాట.

ఇళ్లలో పనిచేసే అక్కచెల్లెళ్లకి

ఈ నెల ఎక్కువ బరువు మీ మీదే. బయట ఆఫీసులకి గంటలు తగ్గితే ఇంట్లో పెరుగుతాయి. సాయంత్రం ఫుతూర్ (ఇఫ్తార్‌నే ఇక్కడ ఇలా అంటారు), రాత్రి తరావీ నమాజు అయ్యాక వచ్చే చుట్టాలు, అర్ధరాత్రి ఘబ్గా విందు, ఆ తర్వాత సహరి. గిన్నెలు ఎప్పుడూ సింకులోనే ఉంటాయి. దివానియాలో (మగవాళ్లు కూర్చుని మాట్లాడుకునే గది) మగవాళ్లకి టీ, గహ్వా (అరబ్బీ కాఫీ) మోయడం వేరే.

ముందు చేయగలిగింది ముందే చేసేయండి. నెల మొదలవక ముందే రెండు మూడు వందల సంబూసాలు చుట్టి ఫ్రీజర్లో పెట్టేసే ఇళ్లున్నాయి. మీ మామాని (ఇంటి యజమానురాలిని) మీరే అడగండి, సంతోషిస్తుంది. హరీస్‌కి గోధుమలు రాత్రే నానబెట్టాలి. హరీస్ అంటే మన హలీంకి తాత. హైదరాబాదుకి ఆ వంట తెచ్చింది నిజాం సైన్యంలో చేరిన అరబ్బులే. కానీ ఇక్కడ మసాలా ఉండదు. గోధుమ, మాంసం మెత్తగా మెదిపి, పైన నెయ్యి, చక్కెర, దాల్చినచెక్క పొడి చల్లుతారు. మొదటిసారి తిన్నప్పుడు మిరపకాయ కోసం వెతుక్కున్నాను.

మీరు ఉపవాసం ఉండకపోతే మధ్యాహ్నం ఎక్కడ తినాలో మొదటి రోజే అడిగి తెలుసుకోండి. దాక్కుని తినాల్సిన అవసరం లేదు. వాళ్లూ పగలు ఆలస్యంగా లేస్తారు కాబట్టి మీరూ పొద్దున నిద్రపోయేలా మాట్లాడుకోండి. "రాత్రి మూడింటిదాకా ఉంటాను మామా, పదింటిదాకా పడుకుంటాను" అని నెమ్మదిగా, నవ్వుతూ, మొదటి వారంలోనే చెప్పాలి. పదిహేనో రోజు ఏడుస్తూ చెబితే అప్పటికే అలవాటు గట్టిపడి ఉంటుంది.

2015 నాటి 68వ నంబరు చట్టం మీది. రోజుకి 12 గంటలకి మించి పని ఉండకూడదు, వారానికి ఒక సెలవు రోజు ఉంది, పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. రంజాన్‌కి మినహాయింపు ఏమీ లేదు. అన్ని ఇళ్లలో ఇది జరగదని నాకూ తెలుసు. అందుకే రాయబార కార్యాలయం నంబరు ఫోన్‌లో ఒక చోట, కాగితం మీద ఇంకో చోట రాసుకోండి. ఫోన్ లాగేసుకున్నా కాగితం ఉంటుంది.

నడి నెల, చివరి పది రాత్రులు

13, 14, 15 రాత్రుల్లో గర్గీయాన్. పిల్లలు సంప్రదాయ దుస్తులు వేసుకుని, మెడలో సంచి తగిలించుకుని, పాటలు పాడుతూ ఇల్లిల్లూ తిరుగుతారు. మిఠాయిలు, ఎండు పండ్లు సంచిలో పోయాలి. మన పల్లెల్లో పండగ రోజుల్లో పిల్లలు సంచులేసుకుని వచ్చినట్టే. డ్రైవర్లు ఆ మూడు రాత్రులూ వీధుల్లో నడక వేగంతో వెళ్లాలి, పార్కింగ్ చేసిన కార్ల మధ్య నుంచి ఎక్కడ్నుంచి ఊడిపడతారో తెలీదు.

చివరి పది రాత్రులూ అర్ధరాత్రి దాటాక కూడా మసీదుల్లో నమాజు నడుస్తుంది. 27వ రాత్రి మరీ. కువైట్ సిటీలో 1986లో తెరిచిన పెద్ద మసీదుకి ఆ రాత్రి జనం కట్టలు తెంచుకుంటారు, చుట్టుపక్కల దారులు మళ్లిస్తారు. ఆ వైపు డ్యూటీ ఉంటే రెండు గంటలు ముందే బయల్దేరండి.

దానాల విషయం కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఈ నెలలో ఇచ్చేవాళ్లు ఎక్కువ. మన ఊరి వాడికి ఆపరేషన్ అనో, గుడి అనో, మసీదు అనో వాట్సాప్‌లో చందాలు మొదలెట్టకండి. అనుమతి లేకుండా వసూళ్లు చేయడం ఇక్కడ నేరం. చేతిలో డబ్బు పెట్టబోయేవాళ్లుంటే అది వేరే. తీసుకుని "జజాకల్లా ఖైర్" అనండి.

పండగ పొద్దు, గిన్నెల లెక్క

చివరి రాత్రి నెలవంక వార్త వచ్చేదాకా ఎవరూ పడుకోరు. పండగ నమాజు పొద్దు పొడిచిన కాసేపటికే అయిపోతుంది. ఆ లోపే ఫిత్రా దానం ఇచ్చేస్తారు, మనిషికి సుమారు రెండున్నర కిలోల బియ్యం లెక్క. ఆ తర్వాత "ఈద్కుం ముబారక్" అంటూ పిల్లలకి ఈదియా, కొత్త నోట్లు. ఇంటి పనివాళ్లకీ ఇస్తారు. అందుకే పండక్కి ముందు బ్యాంకుల్లో కొత్త చిల్లర నోట్లకి క్యూలు కనబడతాయి. మధ్యాహ్నానికి మనవాళ్లంతా కువైట్ సిటీలోని మాలియాలో చేరతారు. బస్సులు నిండిపోతాయి కాబట్టి తిరుగు ప్రయాణం చీకటి పడకముందే పెట్టుకోండి.

ఇళ్లలో ఉండేవాళ్లకి చివరి మాట ఒకటుంది. ఫుతూర్‌కి గంట ముందు పక్కింటికి ఒక గిన్నె పంపడాన్ని ఇక్కడ నగ్సా అంటారు. హరీసో, జరీషో, లుగేమాతో, ఏదో ఒకటి. ఇటు నుంచి పోతుంది, అటు నుంచి వస్తుంది, వచ్చిన గిన్నె ఖాళీగా తిరిగి పంపరు. మన అమ్మలూ అంతే కదా. మోసేది డ్రైవరు, కడిగేది లోపలి అక్క. నెలాఖరుకి వంటింట్లో ఏడిళ్ల గిన్నెలు పేరుకుంటాయి, ఏది ఎవరిదో మామాకీ గుర్తుండదు. మొదటి రోజే మీ ఇంటి గిన్నెల అడుగున తెల్ల ప్లాస్టర్ ముక్క అంటించి గుర్తు పెట్టండి. వచ్చిన గిన్నెను కడగక ముందే ఫోటో తీసి పెట్టుకోండి. మేం ఆ పని రెండో ఏడు నుంచి మొదలుపెట్టాం. మొదటి ఏడు వచ్చిన రాగి మూత ఒకటి ఇప్పటికీ మా వంటింటి గోడకి వేలాడుతోంది, ఏ ఇంటిదో తేలలేదు.